సదాశివనగర్‌లో ఊటీ పువ్వు

సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండ్‌లో నిజామాబాద్ బస్సెక్కితే, కామారెడ్డి దాటాక వస్తుంది మా సదాశివనగర్. 44వ నంబరు హైవే మీద డిచ్‌పల్లి వైపు పోయేవాళ్లకు బోర్డు చదివేలోపే దాటిపోయే ఊరు. జిల్లా కామారెడ్డి, ఎమ్మెల్యే ఓటు మాత్రం ఎల్లారెడ్డికి. చుట్టూ వరి, మక్క, సోయా. వాకిళ్లలో చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసే ఆడవాళ్లు. మీ ఊళ్లో చూడ్డానికి ఏముందని ఆఫీసులో ఎవరన్నా అడిగితే నాకు జవాబు తోచేది కాదు. ఇప్పుడు చెబుతున్నా. జనవరిలో రండి, మా వాకిట్లో ఊటీ పువ్వు చూపిస్తా.

ఆ పువ్వు పేరు బెగోనియా. అందులోనూ గడ్డ బెగోనియా. మన ఆలుగడ్డలా దీనికి మట్టిలో గడ్డ ఉంటుంది. ముద్దగులాబీలా రేకుల మీద రేకులు, చాయ్ సాసరంత పువ్వు. నారింజ, పసుపు, ఎరుపు రంగుల్లో పూస్తుంది.

బాపు పోయాక అమ్మ ఒక్కతే ఊళ్లో ఉంటోంది. నాకు గచ్చిబౌలిలో ఉద్యోగం, రెండు గదుల ఫ్లాటు. వచ్చి నాతోనే ఉండమంటే ప్రతిసారీ ఒకటే మాట. "ఆడ నేనేం జెయ్యాలె బిడ్డా, గోడలు సూస్కుంట కూసోవాల్నా?" కనీసం నాలుగు రోజులు తిప్పుదామని నాలుగేళ్ల కింద మే నెలలో ఊటీ తీసుకెళ్లాను. 1848 నాటి బొటానికల్ గార్డెన్, అందులో అద్దాల ఇల్లు. అక్కడ మెట్లు మెట్లుగా పేర్చిన కుండీల ముందు అమ్మ ఆగిపోయింది. ఎంత పిలిచినా కదల్లేదు. చివరికి అడిగింది.

"ఇది మన తాన పెరుగుతదారా?"

"ఎందుకు పెరగదమ్మా, వాకిట్ల యాపచెట్టు నీడ ఉంది గదా" అన్నాను. ఇంజినీరు ధీమా అలాగే ఉంటుంది. వస్తూ వస్తూ రెండు కుండీలు కొని, బస్సులో కాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చాను.

వారం తిరక్కుండానే రెండూ వాడి, వడలి, కూలిపోయాయి. నీడలోనే పెట్టాం, నీళ్లూ పోశాం. అయినా బయట నలభై రెండు డిగ్రీలు ఉన్నప్పుడు వేపచెట్టు కింద కూడా వడగాలే కదా. మరుసటి ఏడు ఎండుగడ్డలు తెప్పించి, వానలు పడ్డాక జూన్‌లో నాటాను. మొలకలొచ్చాయి, ఆకులూ వచ్చాయి. ఆగస్టు ముసురుకు కాండం మెత్తబడింది. గడ్డను పైకి తీస్తే చేతిలో బురదలా జారిపోయింది. అమ్మ ఏమీ అనలేదు. ఖాళీ కుండీల్లో కొత్తిమీర చల్లింది.

అప్పుడు గానీ ఈ మొక్క పుట్టిల్లు ఎక్కడో చదవలేదు నేను. గడ్డ బెగోనియాల మూలం దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. 1860లలో రిచర్డ్ పియర్స్ అనే మొక్కల వేటగాడు అక్కడి అడవి జాతులను ఇంగ్లండుకు, వీచ్ నర్సరీకి పంపించాడు. 1868లో, చిన్న వయసులోనే, పనామాలో జ్వరంతో చనిపోయాడు. ఆ నర్సరీలోనే జాన్ సీడెన్ వాటిని సంకరం చేసి 1870లో తొలి తోట రకాన్ని బయటికి తెచ్చాడు. ఊటీలో అమ్మను ఆపేసిన పువ్వు ఆ వంశానిదే.

పియర్స్ పంపినవాటిలో ఒకటి బొలీవియాది. మ్యాప్ తెరిచి చూస్తే ఆశ్చర్యం వేసింది. భూమధ్యరేఖకు మనం ఉత్తరాన ఎంత దూరమో, బొలీవియా కొండలు దక్షిణాన ఇంచుమించు అంతే దూరం. అంటే పగటి పొడవు వాళ్లకూ మనకూ దాదాపు ఒకటే. తేడా ఎత్తులో ఉంది. అక్కడ పగలు పొడవుగా ఉండే కాలంలో కూడా కొండల మీద రాత్రి చల్లగా ఉంటుంది. మన దగ్గర పగలు పొడవైతే రాత్రి కూడా ఉడుకే. మొక్క పగలు తయారుచేసుకున్న తిండిని వేడి రాత్రి ఊపిరికే ఖర్చు పెట్టేస్తుంది. దీనికి కావలసింది నీడ ఒక్కటే కాదు, చల్లని రాత్రి.

చల్లని రాత్రులు మనకూ ఉన్నాయి. డిసెంబర్‌లో మా ఊళ్లో పొద్దున దుప్పటి తీయబుద్ధి కాదు. అందుకే మూడోసారి సెప్టెంబర్ ఆఖర్లో నాటాను. నాలుగు ఆకులేసి మొక్క అక్కడే ఆగిపోయింది. చావదు, పెరగదు. తవ్వి చూస్తే గడ్డ మాత్రం గట్టిపడింది. కారణం చలికాలపు పొట్టి పగలు. మన దగ్గర డిసెంబర్‌లో పగలు పదకొండు గంటలే. పన్నెండు గంటల కన్నా తగ్గితే ఈ మొక్క పూలు మాని, గడ్డలోకి తిండి దాచుకుని నిద్రపోతుంది. మన ఎండాకాలంలో పగలు సరిపోతుంది, రాత్రి సరిపోదు. చలికాలంలో రాత్రి సరిపోతుంది, పగలు చాలదు.

రాత్రిని చల్లబరచడం నా వల్ల కాదు. పగటిని పొడిగించడం మాత్రం తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు పని. నిరుడు వాకిట్లో కుండీల మీదుగా రెండు బల్బులు వేలాడదీసి, టైమర్ బిగించాను. పొద్దుగూకేసరికి వెలిగి తొమ్మిదింటికి ఆరిపోతాయి. మొక్కకు మొత్తం పద్నాలుగు గంటల పగలు. పెద్ద వెలుతురు అక్కర్లేదు, రాత్రి ఇంకా పడలేదని మొక్క అనుకుంటే చాలు.

మిగతావి మీరూ చేయొచ్చు. గడ్డకు గుంట ఉన్న వైపు పైకి రావాలి, మొలక అక్కణ్నుంచే. కొబ్బరిపొట్టు, ఎరువు, ఇసుక కలిపిన వదులు మట్టిలో పైపైన పెట్టాలి. ఆ గుంటలో నీళ్లు నిలిస్తే కుళ్లడం ఖాయం, అందుకే కుండీ అంచు వెంటే పోయాలి. మేం పాత పెయింట్ డబ్బాలకు అడుగున చిల్లులు పెట్టి వాడాం. పొద్దుటి ఎండ ఓ గంట తగిలితే మంచిది, మధ్యాహ్నపు ఎండ వద్దు. కాండం పుటుక్కున విరుగుతుంది కాబట్టి పుల్ల ఊతం కట్టాలి. మధ్యలోని ముద్దపువ్వు మగది, దాని పక్కన చిన్న రేకులతో ఉండేవి ఆడపూలు. వాటిని గిల్లేస్తే మధ్య పువ్వు ఇంకా పెద్దదవుతుంది. అమ్మ మాత్రం గిల్లనివ్వలేదు. "ఉండనీరా, నిన్నేమన్నయ్" అంది.

నేను లెక్కేసుకోనిది ఇంకొకటి జరిగింది. నవంబర్‌లో ఓ శనివారం రాత్రి బస్సు దిగి వచ్చేసరికి, కుండీల మధ్య బొంత పరుచుకుని అమ్మ, పక్కింటి పెద్దమ్మ, ఎదురింటి అక్క బీడీలు చేస్తున్నారు. తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, ఊరి ముచ్చట్లన్నీ అక్కడే. అంతకుముందు చీకటి పడితే అమ్మ తలుపేసుకుని టీవీ పెట్టుకునేది. "నీ పువ్వు ఎప్పుడు పూస్తదో గని, లైటు మాత్రం మంచిగున్నది" అంది పెద్దమ్మ. తొమ్మిదింటికి బల్బులు ఆరిపోతే ముగ్గురూ నన్ను తిట్టారు. టైమర్ మార్చమని ఒకటే పోరు. మొక్కకు అంత అవసరం లేకపోయినా పదింటికి మార్చాను.

జనవరి మొదటి వారంలో నారింజ రంగు పువ్వు విచ్చింది. అమ్మ వీడియో కాల్ చేసింది, మాట్లాడకుండా ఫోన్ పువ్వు ముందు పెట్టింది. వెనకాల పెద్దమ్మ గొంతు. "మాదే లైటు, మాదే పువ్వు!"

మార్చిలో ఆకులు పచ్చబడి రాలాయి. గడ్డలు తీసి, మట్టి దులిపి, నీడన ఆరబెట్టాం. ఎండాకాలమంతా వాటికి పొడి చల్లదనం కావాలి, ఊళ్లో అది దొరకదు. బీడీల పాత పేపర్‌లో ఒక్కొక్కటీ చుట్టి, అమ్మ నా బ్యాగులో పెట్టింది. ఇప్పుడవి గచ్చిబౌలి ఫ్లాట్‌లో ఫ్రిజ్ కూరగాయల డబ్బాలో నిద్రపోతున్నాయి.

బస్సెక్కే ముందు అలవాటుగా అడిగాను, నువ్వూ రారాదే అని.

"ఈసారి నా బదులు వీటిని తీస్కపో" అని నవ్వింది. "ఎండలు తగ్గినంక పట్టుకొని రా. లైటు నేను జూస్కుంట."

అప్పట్నుంచి ఆ మాట మళ్లీ అడగలేదు. సెప్టెంబర్ ఆఖరి శనివారానికి మాత్రం టికెట్ తీసి పెట్టుకున్నాను.