మొక్కలకీ గోత్రం పట్టింపు ఉంది!

మాది పరవాడ. 2002లో సింహాద్రి థర్మల్ కేంద్రం, ఆ దశాబ్దంలోనే ఫార్మాసిటీ వచ్చాక మా చుట్టూ పొలాలు, బీళ్ళు ముక్కలు ముక్కలయ్యాయి. "పచ్చదనం పోతోందండీ" అంటే "గ్రీన్‌బెల్టులో అన్నేసి మొక్కలు నాటారు కదా" అంటారు. కానీ మొక్కల విషయంలో తలకాయల లెక్క ఒక్కటే చాలదు.

అరకు వెళ్ళిన ప్రతివాళ్ళూ వలిసె పూల మధ్య ఫోటో దిగే ఉంటారు. ఆ వలిసె మొక్క తన పుప్పొడితో తను దాదాపు గింజ కట్టదు. తన 'గుర్తే' ఉన్న పక్క మొక్క పుప్పొడినీ ఒప్పుకోదు. మనకి సగోత్రం కుదరనట్టే! ఈ గుర్తు జన్యువుల్లో ఉంటుంది. ఎన్ని రకాల గుర్తులుంటే అన్ని సంబంధాలు.

తమాషా ఏంటంటే, అరుదైన గోత్రానికే ఎక్కువ సంబంధాలు దొరుకుతాయి. కాబట్టి ఆ రకాలు తరాల తరబడి నిలబడతాయి. ప్రకృతి పెట్టుకున్న బ్యాకప్ అన్నమాట. కానీ ఏ కారణం వల్లయినా గుంపు ఒకసారి బాగా చిక్కిపోతే, ఏ రకం మిగులుతుందో లాటరీయే. ఆ తర్వాత మొక్కలు మళ్ళీ వేలకి పెరగొచ్చు. పెరిగేవి మిగిలినవాటి కాపీలే, డిలీట్ అయినవి తిరిగి రావు.

ఇది ఊహ కాదు. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం విల్ కౌంటీలో, అంటే మనవాళ్ళు బోలెడంతమంది ఉండే నేపర్‌విల్ దగ్గర్లోనే, లేక్‌సైడ్ డైసీ అనే అడవి పూలమొక్క ఉండేది. చివరికి ముప్ఫై దాకా మిగిలాయి. అవి పూసేవి, తేనెటీగలూ వచ్చేవి, కానీ పదిహేనేళ్ళకి పైగా ఒక్క మంచి గింజ లేదు. మార్సెల్లా డిమౌరో అనే శాస్త్రవేత్త పరీక్షిస్తే తేలింది: అన్నిటిదీ ఒకటే గోత్రం! ఒహాయో మొక్కలతో కలిపితే గింజలు కట్టాయి. బయటికి పచ్చగా కనిపించిన గుంపు, లోపల ఎప్పుడో అయిపోయిందన్నమాట.

మా ఊరి గోడల మధ్య మిగిలిన తుప్పల్లో ఇలాంటి మొక్కలు ఉంటే, వాటి కష్టం మనకి కనబడదు. పూస్తూనే ఉంటాయి కదా! ఇక గ్రీన్‌బెల్టు మొక్కలన్నీ ఒకే తల్లిచెట్టు గింజలైతే, వెయ్యి నాటినా అది ఒక్క కుటుంబమే. గింజలు నాలుగు ఊళ్ళ నుంచి, పదిపది చెట్ల నుంచి ఏరడం పెద్ద ఖర్చేం కాదు. ముక్కల మధ్య ఈగలు తిరగడానికి నాలుగు గట్లు బీడుగా వదిలేయడమూ అంతే.

ఈసారి ఎవరైనా "ఎన్ని మొక్కలు నాటాం" అని చెప్తే, "ఎన్ని చోట్ల గింజలు?" అని అడిగి చూడండి.