ఎర్రమట్టి దిబ్బల దగ్గర

నలభై దాటిన తెలుగు లెక్చరరుకి ఈ సైకిలు పిచ్చేమిటని మా ఆవిడ ఎగతాళి చేస్తూంటుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి. విశాఖపట్నం నుంచి భీమునిపట్నానికి నున్నటి తారురోడ్డు ఉండగా, డొంకల్లోనూ సరుగుడు తోటల్లోనూ పడి తిరగడమే నాకిష్టం. తెల్లవారుజామున బయలుదేరి కాలేజీ వేళకి ఇల్లు చేరుతాను. ఇసుక దారి వస్తే టైర్లలో గాలి కాస్త తగ్గించాలి. లేకపోతే చక్రం కూరుకుపోతుంది. తుమ్మముల్లు గుచ్చుకుంటే పంక్చరు నేనే వేసుకోవాలి. ఇంటికొచ్చాక గొలుసు తుడిచి నూనె వేయకపోతే, ఉప్పుగాలికి తుప్పు పడుతుంది.

ఒకప్పుడు భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల మీద నుంచి సైకిలుతో జర్రున దిగడం మహా సరదాగా ఉండేది. వేలాది సంవత్సరాలుగా గాలి పోగుచేసిన దిబ్బలవి. వాన కోసిన గండ్లవి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో వాటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది కూడా.

ఒక ఏడు వానలు వెలిశాక వెళ్ళి చూద్దును కదా, నా చక్రం గీసిన చారవెంటే నీరు పారి జానెడు లోతున కోసుకుపోయింది! మేకలు తోలుకొస్తున్న ముసలాయన నవ్వాడు.

"వాన నీటికి తోవ కావాలి బాబూ! తమరే చూపించారు."

తల వంచుకున్నాను. ఆనాటి నుంచీ దిబ్బల మొదట్లోనే దిగి, సైకిలు తాటిచెట్టుకి చేరవేసి, కాలిబాటన నడిచి వెళుతున్నాను.

ఇప్పుడు మా ఆవిడకి కొత్త ఎగతాళి దొరికింది: "నడిచేదానికి సైకిలెందుకండీ?"