బిళ్ల కట్టిన చోట

కాలికి ముల్లు దిగి చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుందని మా ముదినేపల్లి వైపు చేలల్లో, చెరువు గట్ల మీద తిరిగేవాళ్లెవరికీ చెప్పక్కర్లేదు. పుండేమో పాదాన, బిళ్లేమో గజ్జల్లో! మధ్య ఇంత దూరం ఏవిటో అని మాత్రం ఎవరూ అడగ్గా నేను వినలేదు. నాకూ జువాలజీ క్లాసులో కూర్చున్నాకే ఆ ప్రశ్న తట్టింది.

ఆ దూరం ప్రయాణం చేసే కణం ఒకటుంది. 1973లో న్యూయార్కులోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ అనే ఇద్దరు దాన్ని ఎలుక ప్లీహంలో చూశారు. ఒళ్లంతా కొమ్మలతో ఉందని, చెట్టును చెప్పే గ్రీకు మాటతో డెండ్రిటిక్ కణం అన్నారు. చర్మంలోనూ, ముక్కు పొరల్లోనూ, పేగుల్లోనూ కాపు కాయడం దాని ఉద్యోగం. వైరస్ దొరికితే ముక్కలు చేసి, ఒక ముక్కను ఒంటిమీద తగిలించుకుని బిళ్ల దాకా పోతుంది. అక్కడ టి కణాలు గుంపులుగా ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో ముక్క మాత్రమే ఆనవాలు. సరైనది తగిలితే, దొంగ వీడే అని చూపించి ఊరుకోదు, ఇక కదులు అని రెండో సంకేతం కూడా ఇస్తుంది. ఆ రెండోది అందకపోతే టి కణం కదలకపోగా మొద్దుబారిపోతుంది. అందితే వేలకు వేలుగా పెరిగి, వైరస్ దాగిన కణాలను వెతికి చంపుతుంది. అందరూ యాంటీబాడీల గురించే మాట్లాడతారు గాని, కణం లోపల తలుపేసుకు కూర్చున్న వైరస్‌ను యాంటీబాడీ ఏం చెయ్యగలదు చెప్పండి?

(మన చెరువుల్లో రొయ్యకు ఈ టి కణాలు అసలు లేవు. తెల్లమచ్చ వైరస్ తగిలితే చెరువుకు చెరువే ఊడ్చుకుపోతుంది. మావాళ్లు వైరస్ లేని సీడు కోసం అంతగా తిరిగేది అందుకే.)

ఇదంతా నాకు పరీక్షకు మించిన సంగతి కావడానికి కారణం మా బాబాయి. రక్తదానం చెయ్యబోతే ఆయనకు హెపటైటిస్ బి ఉన్నట్టు బయటపడింది. ఇంట్లో వెంటనే గ్లాసు వేరు, కంచం వేరు అయ్యాయి. ఇది కంచం వల్ల రాదు, రక్తం వల్లా, దాంపత్యం వల్లా, పురిట్లో తల్లి నుంచీ వస్తుందని నచ్చజెప్పడానికి నాకు ఒక వేసవి సెలవంతా పట్టింది. ఆయన రోజుకొక మాత్ర వేసుకుంటాడు. మాత్ర వైరస్‌ను పెరగనివ్వదు, అంతే. కాలేయ కణాల నడిబొడ్డున దాని డి.ఎన్.ఏ. చుట్ట అలాగే ఉంటుంది.

"ఏవమ్మా, చదువుకునేదానివి, చెప్పు. నా ఒంట్లో పోలీసులు లేరంటావా?" అని అడిగాడు ఒకరోజు.

"ఉన్నారు బాబాయ్, అలిసిపోయారు" అన్నాను.

నిజమే. పెద్దయ్యాక ఈ వైరస్ అంటితే నూటికి తొంభైమందికి పైగా తామే దాన్ని వదిలించుకుంటారు. పురిట్లో అంటిన పసివాళ్లలో నూటికి తొంభైమందిలో అది ఉండిపోతుంది. ఏళ్ల తరబడి అదే ముక్కను చూసి చూసి టి కణాలు సోలిపోతాయి. 1997లో వరప్రసాద్ రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ హైదరాబాదులో షాన్‌వాక్-బి టీకా తెచ్చి సామాన్యులకు అందేటట్టు చేసింది. కాని అది రాకుండా ఆపే టీకా, వచ్చినవాడికి మందు కాదు.

మరి అలిసిన టి కణాలను లేపేదెలా? రోగి రక్తం తీసి, అందులోని తెల్లకణాలను వారం రోజులు సీసాలో పెంచి డెండ్రిటిక్ కణాలుగా మార్చి, వాటికి వైరస్ ముక్కలు అందించి తిరిగి ఎక్కించడం ఒక మార్గం. 2004లో బ్రెజిల్‌లో 18 మంది హెచ్.ఐ.వి. రోగులపై చేస్తే చాలామందిలో వైరస్ తగ్గింది. హెపటైటిస్ బి మీద కూడా ప్రయత్నించారు. కొందరిలో తగ్గింది గాని, నమ్మదగ్గ వైద్యంగా ఇంకా నిలబడలేదు.

స్టైన్‌మన్‌కు 2007లో క్లోమ కేన్సరని తేలితే ఆయన తన డెండ్రిటిక్ కణాలతోనే టీకా చేయించుకుని నాలుగున్నరేళ్లు బతికాడు. 2011 సెప్టెంబరు 30న పోయాడు. ఆ సంగతి తెలియని నోబెల్ సంఘం అక్టోబరు 3న బహుమతి ప్రకటించింది. దాన్ని వెనక్కి తీసుకోలేదు. టీకాయే బతికించిందని ఒక్క మనిషిని చూసి చెప్పలేం, నేనూ చెప్పను.

మనిషి మనిషికీ సీసాలో కణాలు పెంచడం మాబోటివాళ్లకు అందేదా? కణాన్ని బయటికి తియ్యకుండా లోపలే తట్టి లేపడం నాకు నచ్చిన దారి. 2021 జనవరి 3న అనుమతి పొందిన హైదరాబాదు భారత్ బయోటెక్ వారి కోవాగ్జిన్‌లో చంపిన వైరస్‌తోపాటు ఒక చిన్న అణువును పటికలాంటి అల్యూమినియం జిగురుకు అంటించి కలిపారు. డెండ్రిటిక్ కణాల్లో వైరస్ వాసన పట్టే గ్రాహకాలను అది తడుతుంది. టి కణాలకు పిలుపు అక్కణ్ణుంచే.

మా ఇంట్లో మిగతా అందరికీ పరీక్షలో లేదని తేలింది, మూడేసి డోసులు వేయించుకున్నారు. మా చెల్లెలికి గుడివాడలో పాప పుడితే, ఇరవై నాలుగు గంటలు దాటకుండా టీకా పడిందా లేదా అని నాలుగుసార్లు అడిగింది బాబాయే. పాపను మాత్రం ఎత్తుకోవడానికి భయపడ్డాడు. పిన్నే తెచ్చి ఒళ్లో పెట్టింది. వచ్చే నెల డాక్టరుగారి దగ్గరికి నన్నూ రమ్మన్నాడు, అడగవలసినవి కాగితం మీద రాయించాడు. మొదటిది, "మా పోలీసుల్ని లేపే మందు ఎక్కడిదాకా వచ్చిందండీ?"