కొలతలు తీసుకునే మాస్టారు కావలెను

హైదరాబాద్‌లో అద్దెకి రూం దొరకడమే పెద్ద కష్టం అనుకునేవాణ్ణి, యోగా క్లాసు వెతకడం మొదలుపెట్టే దాకా. కొండాపూర్, మాదాపూర్ వైపు సందుకో స్టూడియో ఉంది. పవర్ యోగా, హాట్ యోగా, ఏరియల్ యోగా... బోర్డులు చదువుతుంటే బిర్యానీ సెంటర్ మెనూ చూస్తున్నట్టే ఉంటుంది. ఏది తీసుకోవాలి?

మాది కృష్ణా జిల్లా పెదపారుపూడి. గుడివాడ దగ్గర, వరి చేలూ పంట కాలవల మధ్య ఊరు. 1936లో రామోజీరావు గారు పుట్టింది మా ఊళ్ళోనే. ఆయన హైదరాబాద్ వచ్చి సినిమాల కోసం ఏకంగా ఓ నగరమే కట్టారు. నేనొచ్చి ఆరేళ్ళయింది. రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుని నడుం నొప్పి సంపాదించా. స్కాన్‌లో డిస్క్ కాస్త ఉబ్బిందని తేలింది. "యోగా మంచిదే. కానీ ముందుకి బాగా వంగేవి ఇప్పుడే వద్దు. చూసి నేర్పేవాళ్ళ దగ్గరే చేరండి" అన్నారు ఫిజియోథెరపిస్టు. అంటే నాకిది సరదా వ్యవహారం కాదు. తేడా వస్తే మంచమెక్కాలి.

మొదటి శనివారం మాదాపూర్‌లో ఓ అద్దాల బిల్డింగ్‌. ఏసీ, సువాసన, సన్నగా సంగీతం. రిసెప్షన్‌లో నా పేరు అడక్కముందే ఏడాది ప్యాకేజీ చెప్పారు. ఈరోజే కడితే డిస్కౌంటట! హాట్ యోగాకి వేరే గది ఉంది, లోపల 40 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం గుడివాడ బస్టాండులో ఆ వేడి ఫ్రీగానే దొరుకుతుంది. డెమో క్లాసులో ముప్పై మందిమి. పది నిమిషాలకే పశ్చిమోత్తానాసనం, అంటే కాళ్ళు చాపి ముందుకి వంగడం. నేను వంగకుండా అలాగే కూర్చున్నా. ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగలేదు.

రెండో వారం బొటానికల్ గార్డెన్ దగ్గర్లోని ఓ కాలనీ పార్కు. పైసా ఖర్చు లేదు. రిటైరైన అంకుల్స్, ఆంటీలు చాలా ఆప్యాయంగా మాట్లాడారు. ఒంట్లో ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి ఇంతకంటే మంచి చోటు ఉండదు. కానీ అరవై మందికి ఒక్కరే మాస్టారు. వెనక వరసలో నా నడుం ఆయనకి కనపడదు.

2025 జూన్ 21న విశాఖ తీరంలో 3 లక్షల మంది కలిసి ఆసనాలు వేశారు. చూడ్డానికి పండగలా ఉంది. కానీ జాతరకి వెళ్ళడం వేరు, వైద్యానికి వెళ్ళడం వేరు కదా.

ఆ రాత్రి ఫోన్లో అమ్మకి ఇదంతా చెప్పా. "ఏరా, నిన్నేమైనా అడిగారా వాళ్ళు?" అంది. ఫీజు ఎలా కడతావని అడిగారన్నా. "కొలతలు తీసుకోకుండా జాకెట్టు కుట్టే టైలర్ దగ్గరకి ఎవరన్నా వెళ్తారా?" అంది. అంతే, నాకు కావలసిన లెక్క దొరికింది.

మూడోది కూకట్‌పల్లిలో. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. గోడకి తాళ్ళు, మూలన బెల్టులు, చెక్క దిమ్మలు, మడత కుర్చీలు. బి.కె.ఎస్. అయ్యంగార్ (1918–2014) పుణెలో నేర్పిన పద్ధతి ఇది. చెయ్యి నేలకి అందకపోతే కింద చెక్క దిమ్మ పెట్టుకోవచ్చు. మనం ఆసనానికి సరిపోనక్కర్లేదు, ఆసనమే మన దగ్గరికొస్తుంది. బ్యాచ్‌కి ఎనిమిది మందే. మేడం నా స్కాన్ రిపోర్టు చదివి, ఎప్పట్నుంచి నొప్పి, నిద్ర ఎలా పడుతుంది, ఎంతసేపు కూర్చుంటావు అని పది నిమిషాలు అడిగారు. మొదటి రోజంతా కుర్చీతోనే చేయించారు. అక్కడే చేరా.

మరి సర్టిఫికెట్ల సంగతి? గోడ మీద చాలా కనిపిస్తాయి. యోగా అలయన్స్ అమెరికా సంస్థ. 200 గంటల శిక్షణ పూర్తి చేసినవాళ్ళు అందులో పేరు నమోదు చేసుకోవచ్చు. మన ఆయుష్ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు ఉంది, అది పరీక్ష పెట్టి స్థాయిని బట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. ఉంటే మంచిదే. కాకపోతే వాళ్ళు నేర్చుకున్నారని మాత్రమే అది చెబుతుంది. మిమ్మల్ని చూస్తారా లేదా అన్నది డెమో క్లాసులోనే తెలుస్తుంది.

మీరూ వెతుకుతుంటే ఇవి అడగండి. బ్యాచ్‌లో ఎంతమంది? నాకు ఫలానా నొప్పి ఉంది, ఏది మార్చి చేయిస్తారు? నెలనెలా కట్టొచ్చా? బీపీ, గ్లకోమా ఉన్నవాళ్ళతో కూడా శీర్షాసనం వేయిస్తామంటే అటునుంచి అటే వచ్చేయండి. ఇంకోటి, దూరం. గంట క్లాసుకి గంట ట్రాఫిక్ అయితే రెండో నెలకి మానేస్తారు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు డాబా మీద కుర్చీ వేసుకుని చేస్తుంటే అమ్మ వచ్చి చూసింది. తనకి మోకాళ్ళ నొప్పులు. "కింద కూర్చోకుండా కూడా చెయ్యొచ్చా? మరి గుడివాడలో ఇలా అడిగి నేర్పేవాళ్ళు ఎవరన్నా ఉన్నారేమో కనుక్కోరా" అంది. ఇప్పుడు ఆ వెతుకులాటలో ఉన్నా. ఫోన్ చేసిన ప్రతిచోటా ఫీజు గురించి అడగట్లేదు. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులని చెప్పి, అవతలివాళ్ళు తిరిగి ఏమడుగుతారా అని వింటున్నా.