తాళం పడ్డ దవాఖాన

మా అబ్బాకి కాగితానికో పేరు. రేషన్ కార్డులో సగమే ఎక్కింది. ఓటరు లిస్టులో చివర 'అయ్య' తగిలించారు. పట్టా పాసుబుక్కులో వట్టి 'సాయిబు'. 2019 డిసెంబరులో పౌరసత్వ చట్టాన్ని సవరించినప్పుడు అందరిలాగే మేమూ ట్రంకుపెట్టెలు తెరిచాం. అబ్బా పేరు ఒక్క అక్షరం పోకుండా ఉన్న కాగితం ఒక్కటే దొరికింది. ఉస్మానియా దవాఖాన చీటీ. అప్పటికే అబ్బా పోయి చానా ఏళ్లయింది.

మొన్న ఆదివారం అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం పిల్లల్ని వెంటేసుకుని అక్కడికి పోయాం. పక్క బ్లాకుల్లో వైద్యం నడుస్తూనే ఉంది. అబ్బా పడుకున్న పాత భవనం మాత్రం 2020 జులైలో వార్డుల్లోకి వాననీళ్లొచ్చాక ఖాళీ అయింది. తలుపులకు తాళాలు. గోడల పగుళ్లలో రావిమొక్కలు. తలెత్తితే గుమ్మటాలు. నక్షా గీసింది విన్సెంట్ ఎష్. మూసీ అవతలి హైకోర్టుకూ ఆయనదే. "ఇది మహలా?" అన్నారు పిల్లలు. మాకు మహలు కనబడలేదు. అబ్బా లోపలున్న రోజుల్లో మేం బయట చెట్లకింద చాపలేసుకుని పడుకోవడం గుర్తొచ్చింది. పాలమూరు నుంచి కొడుకుని తెచ్చుకున్న ఒకమ్మ జొన్నరొట్టె తుంచి మాకు పెట్టేది. సాయిబులమని తెలిసే మా చెంబుతో నీళ్లు తాగేది.

చింతచెట్టు దగ్గర చాలాసేపు కూచున్నాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఈ చెట్టెక్కి 150 మంది దాకా బతికారని చెప్తారు. అప్పటి అఫ్జల్‌గంజ్ దవాఖానను వరద తీసుకుపోయింది. కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనీ కూతుర్నీ పోగొట్టుకున్నది ఆ వరదలోనే. ఆ రోజు కొమ్మ పట్టుకున్నవాళ్లని నువ్వెవరి బిడ్డవని ఎవరైనా అడిగి ఉంటారా? మమ్మల్ని ఇప్పటికీ అడుగుతారు. తెలుగు మాట్లాడితే 'మీకు తెలుగెట్లా వచ్చింది' అంటారు. ఉర్దూ మాట్లాడితే పట్నం సాయిబులే 'గావ్‌వాలే' అని నవ్వుతారు.

ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. బగారా ఖానా, దాల్చా చేద్దామనుకున్నాం. అబ్బా దవాఖాన నుంచి ఇంటికొచ్చిన రోజు అమ్మీ వండింది అదే. ఇప్పుడామె పొయ్యి దగ్గర నిలబడలేదు. మంచంమీద నుంచే హుకుములు. నూనెలో షాజీరా, లవంగాలు, ఇలాచీ, దాల్చినచెక్క చిటపటమన్నాక ఉల్లిగడ్డ ఎర్రగా వేగాలి. ఆ తాలింపే బగార్. తర్వాత అల్లంవెల్లుల్లి, పుదీనా, కొత్తిమీర, ఎసరు, బియ్యం. తెలంగాణ పల్లెల్లో ఇప్పుడు దావతంటే బగారన్నమే. అది మా ఇళ్లలోంచి పోయిందని ఎవరికీ గుర్తుండదు. దానికి సంతోషపడాలో ఉడుక్కోవాలో ఇప్పటికీ మాకు తెలీదు.

శనగపప్పు మెత్తగా ఉడికించి మెదిపాం. బొక్కలతో ఉన్న మాంసం, సొరకాయ ముక్కలు, చింతపులుసు కలిపి మరగబెట్టాం. దస్తర్‌ఖాన్ పరిచాం. అమ్మీ దాల్చాలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"చెట్టుందా?" అని అడిగింది.

ఉందన్నాం.

"ఇమ్లీ కమ్ పడీ రే" అంది. చిన్నోడు లేచి మళ్లీ చింతపండు నానబెట్టాడు.