మబ్బుకు అప్పగించిన పాట

లక్నో నగరంలో ఉద్యోగం విరమించిన ఒక ఉపాధ్యాయుని ఇంట పాత ట్రంకుపెట్టె ఒకటి ఉన్నది. అందులో పెండ్లిపత్రికలు, పొలం కాగితాలు, వాటి అడుగున చీరముక్కలో చుట్టిన ఒక సీడీ. 2003వ సంవత్సరంలో ఆయన తల్లి పాడిన సోహర్ పాటలు అందులో ఉన్నవి. అవధ ప్రాంతంలో బిడ్డ పుట్టినప్పుడు ఆడవారు కూడి పాడుకొనే పాటలకే సోహర్ అని పేరు. ఆ తల్లి గతించి పన్నెండేండ్లయినది. ఇటీవల ఆయన కుమార్తెకు మగబిడ్డ కలిగిన నాడు ఇంటివారందరికీ ఆ పాటలు జ్ఞాపకం వచ్చినవి. సీడీని బయటికి తీసినారు. కాని ఇంటనున్న క్రొత్త కంప్యూటరులో దానిని పెట్టుటకు చోటు లేదు.

“బాబూజీ, ఇప్పటి కంప్యూటర్లకు ఆ అర ఉండదండీ,” అన్నాడు సెలవుపై వచ్చిన కొడుకు.

“నిన్నమొన్నటిదాకా ఉన్నది గదా! ఎవరు తీసివేసినారు?” అని ఆయన అడిగినారు.

ప్రశ్న అమాయకమైనదే, కాని దానికి సమాధానం ఉన్నది. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించిన ఈ పన్నెండు సెంటీమీటర్ల పళ్లెం 1982లో జపాన్‌లో మొదటిసారి అమ్మకానికి వచ్చినది. గంటకు పైగా సాగే సంగీతం అందులో ఇమిడిపోయేది. 2008 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో సభావేదికపై స్టీవ్ జాబ్స్ ఒక కాగితపు కవరులోనుండి పలుచని కంప్యూటరును బయటికి తీసి చూపినాడు. అంత పలుచదనానికి చెల్లించిన మూల్యాలలో సీడీ అర ఒకటి. క్రమంగా తక్కిన తయారీదారులలో అనేకులు అదే బాట పట్టినారు. 2025 ఫిబ్రవరిలో సోనీ సంస్థ, వినియోగదారులు తామే రాసుకొనే బ్లూరే డిస్కుల తయారీని కూడ నిలిపివేసినది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. ఆ అర బరువైనది, చోటు ఆక్రమించేది. వాడేవారు తగ్గగానే అది అనవసరమని తోచినది.

కొడుకు బజారుకు పోయి, బయటినుండి తగిలించే డ్రైవు ఒకటి కొనితెచ్చినాడు. మూడు పాటలు చక్కగా వినిపించినవి. బాలింత కన్నీరు తుడుచుకొన్నది. నాల్గవ పాట నడుమ తెగిపోయినది. ఇంట రాసుకొన్న సీడీలో లేసరు కాంతి ఒక రంగుపొరపై గుర్తులు వేయును. ఏండ్లు గడచి ఆ పొర చెడినచో యంత్రం గుర్తులను చదువజాలదు. ఇన్నాళ్లుగా పెట్టెలో భద్రంగా ఉన్నదనుకొన్న కంఠం అక్కడే కొంచెం కొంచెంగా కరిగిపోవుచున్నదన్న మాట.

దక్కిన మూడు పాటలను కొడుకు ‘క్లౌడు’లో దాచినాడు. “ఆ మబ్బు ఎక్కడ ఉన్నది?” అని తండ్రి అడిగినారు. అది ఆకాశంలో లేదు. ఏదో ఊరిలో, పెద్ద భవనంలో, రాత్రింబవళ్లు విద్యుత్తును త్రాగే యంత్రాల వరుసలో ఉన్నది. ఆ భవనాలకూ అగ్నిభయం కలదు. 2021 మార్చిలో ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బర్గ్ నగరంలో అటువంటిదొకటి కాలిపోయినది. అగ్నికంటె నిశ్శబ్దమైన ప్రమాదం మరొకటి. రెండేండ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను, వాటిలోని సమస్తంతో సహా, తొలగింపవచ్చునని గూగుల్ సంస్థ 2023లో ప్రకటించినది. ట్రంకుపెట్టె మాత్రం మన మరపును సహించినది. ఇరువది ఏండ్లు ఎవరూ తెరువకపోయినా అది అలుగలేదు, అద్దె అడుగలేదు. యజమాని పోయిన పిమ్మట వారసుడు చేయిపెట్టి తీసుకొనవచ్చును. మబ్బుకు సంకేతపదం కావలెను. అది తెలిసినవాడు పోయినచో దాచినదంతా అతనితోనే పోవును.

కాళిదాసుని యక్షుడు మేఘునికి సందేశమే ఇచ్చినాడు, ఇంటి తాళపుచెవి ఇవ్వలేదు. మేఘం మోసుకొనిపోగలదు, కాపాడవలసిన బాధ్యత ఇంటివారిదే.

ఆ రాత్రి ఆయన ఒక కాగితం తీసుకొని, తెగిపోయిన నాల్గవ పాటలో తనకు జ్ఞాపకమున్న చరణాలను తల్లి పలికిన యాసలోనే రాసినారు. కొడుకును పిలిచి ఖాతా సంకేతపదం అడిగి, అదే కాగితం వెనుక రాసుకొన్నారు. సీడీతోపాటు ఆ కాగితాన్ని చీరముక్కలో చుట్టి మరల పెట్టెలో పెట్టినారు. ఆ పెట్టెకు తాళం లేదు.