సత్రశాల నుంచి పులిచింతల దాకా

నాగార్జునసాగర్ డ్యాం కింద, విద్యుత్ కేంద్రంలో, 1978 మొదలుకొని ఒక్కొక్కటిగా బిగించిన ఎనిమిది యూనిట్లున్నాయి. ఒకటి మామూలు టర్బైను. మిగతా ఏడూ, ఒక్కొక్కటి 100.8 మెగావాట్లవి, రెండు వైపులా తిరుగుతాయి. నీరు దిగితే కరెంటు పుట్టిస్తాయి. కరెంటిస్తే అదే నీటిని మళ్ళీ జలాశయంలోకి ఎత్తిపోస్తాయి. ఒక్క యూనిట్ కరెంటుకు ఇక్కడ దాదాపు ఐదు వేల లీటర్లు దిగాలి. తిరిగి ఎత్తడానికి అంతకన్నా ఎక్కువే ఖర్చు: నాలుగు యూనిట్లు పెడితే మూడు చేతికొస్తాయి. ఆ నాలుగూ రాత్రి మిగిలే థర్మల్ కరెంటు నుంచి రావాలన్నది నాటి లెక్క. ఇప్పుడు మిగులు మధ్యాహ్నానికి మారింది. సోలార్ పలకలు ఇవ్వగలిగినంతా ఇచ్చేది అప్పుడే, గిరాకీ ఎగబాకేది పొద్దుగూకాక. ఆ మధ్యాహ్నపు పంటకు సాగర్ గాదె కాగలదు.

ఎత్తిపోయాలంటే కింద నీరు నిలవాలి. అందుకే సుమారు 21 కిలోమీటర్ల దిగువన సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ కట్టారు. దానికీ 25 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. అది రెంటచింతల మండలం. ఏటా వేసవిలో ఎండల వార్తల్లో వినిపించే రెంటచింతలే! నీరు నిలిచేదీ, ఎండ మండేదీ ఒక్కచోటే అయినప్పుడు ఆ రెంటినీ కలపకపోవడం నాకు మింగుడుపడదు. చిక్కల్లా, పైన యంత్రాలు తెలంగాణ జెన్‌కోవి, కింద చెరువు ఆంధ్రప్రదేశ్ జెన్‌కోది.

అక్కడి నుంచి కృష్ణ వాడపల్లిలో మూసీని కలుపుకుని, పొందుగుల వంతెన కింద నుంచి మా దాచేపల్లి వైపు వస్తుంది. కారంపూడి మీదుగా వచ్చే నాగులేరు మా ఊరిని ఒరుసుకుంటూ పోయి ఈ నదిలోనే కలుస్తుంది. నేలంతా సున్నపురాయి, చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, తవ్విన క్వారీలు. సోలార్‌కు భూమి కావాలంటే ముందు ఈ తవ్వేసిన నేల చూడండి, మిరప చేలు తర్వాత. ఆ గుంతల్నే జలాశయాలుగా వాడుకోవచ్చనే వాళ్ళూ ఉంటారు. గుత్తికొండ బిలం లోపలికి వెళ్ళొచ్చిన వాళ్ళకు తెలుసు, సున్నపురాయిని నీరు ఎలా తొలుస్తుందో. అడుగు ఇంకదని తేలాకే ఆ మాట.

నంద్యాల జిల్లా పిన్నాపురంలో నదికి దూరంగా జలాశయాలు కట్టి, గోరకల్లు నీటితో నింపి, 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీకి సౌర, పవన విద్యుత్తును జతచేస్తున్నారు. అక్కడ అన్నీ కొత్తగా కట్టుకోవాలి. ఇక్కడ డ్యాం ఉంది, యంత్రాలున్నాయి, దిగువ చెరువూ ఉంది.

ఇంకా కిందికి పులిచింతల, 45.77 టీఎంసీలు. దాని 120 మెగావాట్ల కేంద్రం తెలంగాణ గట్టున ఉంది. నీళ్ళు డెల్టా వరికి పోతాయి. సత్రశాల నుంచి పైకి ఎత్తిన నీరు సాయంత్రానికి మళ్ళీ దిగుతుంది కనుక, డెల్టా వాటాలో చుక్క తగ్గనక్కర్లేదు. కావలసింది ఏ గంటకు ఎత్తాలో, ఏ గంటకు దించాలో రెండు జెన్‌కోల ఇంజినీర్లు కూర్చుని రాసుకునే ఒక్క టైంటేబుల్. వచ్చే వేసవికి ముందే అది రాసుకోవాలి.